కరువు మీద డాక్టరేటు

ఆత్మకూరు కాలేజీలో మాకు తెలుగు చెప్పిన లెక్చరర్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తొంభైల్లో ఆయన కరువు నవలల మీద పీహెచ్‌డీ చేసేవాడు. ఏ పేజీలో వాన కనబడినా పెన్ను మూతతో దాన్ని తట్టి, "ఇది ప్రతీక" అనేవాడు.

కరువును కళ్ళారా చూస్తానంటే ఒకసారి మర్రిపాడు దగ్గరున్న మా ఊరికి పిలుచుకుపోయాను. నాయన ఆయనకు మా సజ్జ చేను చూపించాడు.

"కార్తెలన్నీ తప్పినాయి సార్. ఆరుద్రలో పడాల్సిన వాన ఎప్పుడొస్తాదో తెలవడంలా. రెండుసార్లు విత్తినాను, రెండుసార్లూ మాడిపోయినాది."

ఆయన చేను వైపు సరిగా చూడనైనా లేదు. "విత్తనం ఆశకు ప్రతీక," అంటూ రాసుకున్నాడు.

"ప్రతీక కాదు సార్, మేం తినేదానికి దాచుకున్న గింజలు," అన్నాడు నాయన.

ఇల్లు చేరగానే, అమ్మ మైలు దూరం నుంచి మోసుకొచ్చిన బిందెడు నీళ్ళనూ ఆ మహానుభావుడు కాళ్ళ దుమ్ము కడుక్కోవడానికే గుమ్మరించుకున్నాడు. అమ్మ ఖాళీ బిందె తీసుకుని మళ్ళీ బయల్దేరింది.

మరుసటి ఏడు ఆయనకు డాక్టరేటు వచ్చింది. పుస్తకం అచ్చేసి నాకొకటి ఇచ్చాడు. అందులో నీటి విలువ మీద ఒక అధ్యాయమే ఉంది. నాయన అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చదువుతూ, "తినే గింజలే విత్తినానని ఒక నిరక్షరాస్య రైతు నాతో అన్నాడు" అన్న వాక్యం దగ్గర ఆగాడు. దాన్ని పైకి చదివి, పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"ఎవుర్రా ఆ రైతు, మనూరోడేనా?"