సార్ గొంతూ ముప్పై గ్రాముల గ్యాసూ

నా గొంతు కొంచెం మోటు. ఫోనెత్తి హలో అంటే చాలు, అవతలివాళ్లు "భయ్యా, ఎప్పుడొస్తున్నవ్?" అని మొదలుపెడతారు. మన్సూరాబాద్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసిన రోజుల నుంచీ ఇదే తంతు. ఇంటికెళ్లి బెల్లు కొడితే నా వెనక ఇంకెవరైనా మగాడున్నాడేమోనని తొంగిచూసేవాళ్లు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత్తర్వాత తలుపు దగ్గర వాళ్ల మొహాలు చూడటమే సరదా అయిపోయింది.

ఎల్బీనగర్‌లో ఒక ల్యాబు ఇన్‌ఛార్జి సార్‌ది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. పని మీద ఆయన మొదటిసారి ఫోన్ చేసినప్పుడు "చెప్పండి మేడం" అన్నాను. "నేను సార్‌నండీ" అన్నారు. "నేను మేడంని సార్" అన్నాను.

పనేమిటంటే, కాలం చెల్లిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును పాత సామాన్లవాళ్లకి ఇచ్చేస్తున్నారు. దాని కరెంటు ట్యాంకులో నిప్పురవ్వలు పుట్టకుండా ఒక గ్యాసు నింపి ఉంటుంది. రంగూ వాసనా ఉండవు, గాలికంటే అయిదింతలు బరువు. బయటికి వదిలితే వేల ఏళ్లు గాలిలోనే ఉండిపోయి భూమిని వేడెక్కిస్తుంది. అందుకని దాన్ని నా మిషనుతో సిలిండర్లోకి లాగి, శుభ్రం చేయించి, మళ్లీ వాడకానికి పంపాలి. ఇప్పుడు నా పని ఇదే. ఒకప్పుడు ఫ్రిజ్‌ల గ్యాసు నేనూ పైపు కోసి ఫుస్సుమని వదిలేసినదాన్నే. ఇప్పుడు గ్రాము పోయినా ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ గ్యాసుకి ఇంకో గుణం ఉంది. పీలిస్తే గొంతు బొంగురుపోతుంది. ఆ సంగతి సార్‌కి నాకంటే బాగా తెలుసు. నేను పనికెళ్లిన రోజే ఆయన రిటైర్మెంటు. నేను పైపులు బిగిస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఒక్క బెలూనుడు గ్యాసు ఇవ్వరూ? నాలుగు గంటలకి మైకులో మాట్లాడాలి. ముప్పై ఏళ్లుగా ఈ గొంతు విని నవ్వుతూనే ఉన్నారు. చివరి రోజు ఒక్క నిమిషం మగాడిలా మాట్లాడి వెళ్లిపోతాను."

నవ్వొచ్చింది, జాలీ వేసింది. "వద్దు సార్. గిది ఏండ్ల సంది ట్యాంకుల ఉన్నది, రవ్వలు పడి విషం కలిసుంటది. పైగా బరువు. ఊపిరితిత్తుల అడుగున కూసున్నదంటే గాలాడదు. మైకు కాదు, దవాఖాన చూడాల్సొస్తది."

"ఒక్క గుక్కేనమ్మా."

"సగం గుక్క కూడ లేదు సార్."

ఆయన అలిగి కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు.

మధ్యాహ్నానికి గ్యాసంతా సిలిండర్లోకి వచ్చింది. వాల్వు కట్టేసి, కాటా మీది బరువు సుద్దముక్కతో నేల మీద రాసి, తినడానికి కిందికెళ్లాను. తిరిగొచ్చి చూస్తే ముప్పై గ్రాములు తక్కువ. నాకు తిక్క రేగింది.

పక్క గదిలో వీడ్కోలు సభకి కట్టిన బెలూన్లున్నాయి. కొన్ని ఊడి, ఫ్యాను గాలికి నేల మీద అటూ ఇటూ దొర్లుతున్నాయి. ఒక నీలం బెలూను మాత్రం మూల కదలకుండా కూర్చుంది. కాలితో తంతే అన్నీ ఎగిరాయి. అది జానెడు లేచి, దబ్బుమని కిందపడింది. దొంగ సొత్తును చంకలో పెట్టుకుని సార్ గదికి వెళ్లాను, దులిపేద్దామనే.

టేబుల్ మీద ఆయన సెల్లు మోగుతోంది. ఆయన దాన్ని పాముని చూసినట్టు చూస్తున్నారు.

"ఎత్తుండ్రి సార్."

"ఎత్తలేను" అన్నారు. ఆ మాట బావిలోంచి వచ్చినట్టుంది. నాకు కోపం నిలవలేదు, ఎంత బిగబట్టినా ఆగక గోడకానుకుని పడీపడీ నవ్వాను. సార్ నవ్వలేదు. ఆయాసపడుతూ ముక్కలుముక్కలుగా జరిగింది చెప్పారు.

సభకి ముందు ఒకసారి సరిచూసుకుందామని ఒక గుక్క పీల్చి, ల్యాబు ఫోను నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న ఇంటికి చేశారట. ఆ బొంగురు గొంతుతో "నేనే" అన్నారట. వాళ్లావిడ "ఎవరండీ మీరు? ల్యాబు నుంచా? మా ఆయనకేమైంది?" అని అరిచిందట. ఈయన భయపడి పెట్టేశారు. పెట్టేశాక, ఆవిడ కూడా తనని పోల్చుకోలేదే అని ఇంకా భయం వేసి, కంగారులో ఇంకో గుక్క పీల్చి, బెలూను పక్క గదిలో మిగతావాటి మధ్య దాచి వచ్చారట. అప్పటి నుంచీ సెల్లు ఆగకుండా మోగుతోంది.

"ఫోనులో హలో అనగానే నన్ను గుర్తుపట్టేది తనొక్కతేనమ్మా" అన్నారు.

నా నవ్వు ఆగిపోయింది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి, తల మోకాళ్ల దాకా వంచి గట్టిగా ఊపిరి వదలమన్నాను. బరువు గ్యాసు కదా, వంగితేనే బయటికి జారుతుంది. వీపు మీద చెయ్యి వేసి నేనే లెక్కపెట్టాను. సెల్లు ఆగింది. మళ్లీ మొదలైంది.

"ఇప్పుడొకసారి హలో అనుండ్రి."

"హలో."

సన్నగా, దారంలా వచ్చింది.

"ఒచ్చింది సార్, మీదే. ఎత్తుండ్రి."

ఎత్తి హలో అన్నారు. అవతల ఆవిడ ఒక్క మాట కూడా అడగలేదు. బావురుమని ఏడ్చింది, కిటికీ దగ్గరున్న నాకు వినపడింది. సార్ కళ్లు తుడుచుకుంటూ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తిట్టుకున్న ఆ గొంతుతోనే, "నేనే, నేనేనే" అని చెబుతూ ఉన్నారు.