లేతు మిషన్‌కు తలంటు

మొగుడి మీద కోపంతో గిన్నెలు విసిరేసిన ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. మొగుడి మీద ప్రేమతో అతని బతుకుతెరువును మూలన కూర్చోబెట్టిన దాన్ని చూశారా? చూడకపోతే ఇది చదవండి. మీకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది మిర్యాలగూడ. రైసు మిల్లులకు పోయే దారిలో మా ఆయనకు లేతు వర్క్‌షాపు ఉంది. వర్క్‌షాపు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, అందులో ఇనుప రాడ్లను తిప్పి చెక్కే, మా మామగారి కాలం నాటి లేతు మిషన్. మోటారు తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు తిరిగితే రాడ్డును పట్టుకునే చక్కు తిరుగుతుంది, చక్కు తిరిగితే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అరచేయంత వెడల్పున్న ఆ బెల్టు అందరికీ కనబడేలా బయటే ఉంటుంది. సూర్యాపేటలో మా నాయనకూ లేతు ఉంది గానీ అది కొత్త రకం. గేర్లు, బెల్టు అన్నీ మూతల లోపలే. ఈ తేడా అప్పుడే నా బుర్రకెక్కి ఉంటే మీకు ఈ కథ దక్కేది కాదు.

దసరా వచ్చిందంటే, ఆయుధ పూజకు ముందు మా అమ్మ మా నాయన లేతుకు తలంటు పోసేది. గుడ్డకు నువ్వుల నూనె అద్ది, పెళ్లికొడుకును రుద్దినట్టు రుద్దేది. అన్నీ మూతల కింద దాక్కున్న మిషన్ కాబట్టి దానికేమీ అయ్యేది కాదు. పెళ్లయ్యాక నా మొదటి దసరాకు మా ఆయన తన మిషన్‌కు రెండు బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, "అయిపాయె, పా ఇంటికి" అన్నాడు.

"గింతేనా పూజ? మా ఇంట్ల గిట్ల జేస్తే మా అమ్మ అన్నం పెట్టదు."

"నీకెట్ల మంచిగనిపిస్తే అట్ల చేస్కో" అని ఆయన మటన్ కొట్టు దారి పట్టాడు.

చేసుకున్నాను. మిషన్ ఒళ్లంతా రుద్దాను. బెల్టు తిరిగే పుల్లీలు రుద్దాను. బెల్టు చూస్తే చలికాలపు మడమలా పగుళ్లు పగుళ్లుగా ఉంది. జాలేసి దానికి రెండు వైపులా నూనె పట్టించాను. మిషన్ పని తెలిసిన వాళ్లు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. పట్టుకోండి. ఆ రోజు నాకు చెప్పడానికి మీరెవరూ లేరుగా!

పండగ అయ్యాక షాపు తెరిచే రోజే మా ఆయన కోదాడలో మేనత్త కూతురి నిశ్చితార్థానికి పోయాడు. తాళంచెవి నా దగ్గర ఉంది. మాడుగులపల్లి నుంచి సైదులు అనే రైతు, విరిగిన షాఫ్టు చంకన పెట్టుకుని బండి దిగాడు.

"అన్న లేడా అక్కా?"

"కోదాడకు పోయిండు. ఏందట్ల పరేషానున్నవ్?"

"కోత మిషన్ షాఫ్టు ఇరిగింది. సగం పొలం కోసినంక ఆగిపాయె. పొద్దుమూకేలోపు షాఫ్టు తేకపోతే డ్రైవరు మిషన్‌ను లారీ ఎక్కించి హాలియాల ఓనరు కాడికి తీస్కపోతడట. ఇగ మళ్ల మా దిక్కు రాడు. మొగులు సూడు. వాన పడ్డదంటే వడ్లు చేన్లనే మొలకలొస్తయి."

"కూసో. నేన్ చేసిస్త. నేనెవరి బిడ్డననుకున్నవ్?"

నాయన పక్కన నిలబడి చిన్న చిన్న షాఫ్టులు కోసినదాన్నే, అబద్ధం కాదు. ఇనుప రాడ్డును చక్కుకు బిగించి మోటారు వేశాను. చక్కు గిర్రున తిరిగింది. కోసే టూలు అలా తాకించానో లేదో, టక్కున ఆగింది. మోటారు తిరుగుతూనే ఉంది, బెల్టు జర్రున జారుతోంది.

"ఏమైందక్కా?"

"ఏం కాలే. పండగ బద్ధకం."

మోటారును వెనక్కి లాగి బిగించాం. జారింది. సైదులు లాగి పట్టుకుంటే నేను బోల్టులు తిప్పాను. ఇంకా జారింది. ఇక లాభం లేదని మా అమ్మకు ఫోన్ చేశాను. ఫోన్ చేయడానికి లోకంలో నాకు ఇంకెవరూ దొరకలేదు చూడండి!

"ఎండిపోయి ఉంటది బిడ్డా. జర నూనె పెట్టు" అంది అమ్మ.

పెట్టాను. అప్పటిదాకా అంతో ఇంతో తిరిగిన చక్కు ఇక కదలనని మొండికేసింది. అప్పుడు నా తెలివి తెల్లారింది. బెల్టు వదులైంది కాబట్టి జారుతోంది, కొంచెం కోసి కలిపితే బిగుసుకుంటుంది అనుకున్నాను. బెత్తెడు కోసేశాను. కొసలు కలిపి క్లిప్పులు కొట్టి చూస్తే అది పుల్లీ మీదికే ఎక్కడం లేదు. ఇద్దరం చెరో పక్క లాగాం. కాలు తన్నిపెట్టి లాగాం. ఎక్కదే!

సైదులు కింద చతికిలబడ్డాడు. "అక్కా, బెల్టు కోసుడు అన్నకు తెల్సా?"

ఒళ్లు మండిపోయింది. కోదాడకు ఫోన్ కొడితే మేనత్తగారు ఎత్తారు. "అబ్బాయి ఇప్పుడే భోజనానికి కూర్చున్నాడమ్మా, గారెలు వేస్తున్నాం. నువ్వు తిన్నావా?"

"తిన్నా అత్తమ్మా, జర ఆయనకియ్యి."

ఆయన గారె నములుతూనే, "ఏందే?" అన్నాడు.

"బెల్టు జారుతున్నది."

"ఎట్ల జారుతది? మొన్ననే బిగించిన. ఏమన్న పూసినవా?"

"ఏం పూస్త? నూనె."

నమలడం ఆగింది. "ఎంత?"

"కొంచెమే. ఓ సీసాడు."

"ఏది ముట్టకు. చేతులు కట్టుకొని కూసో. వస్తున్న."

"ఇంకో మాట. బెల్టు జర పొట్టిగైంది."

"బెల్టు పొట్టిగెట్లయితదే?"

ఫోన్ పెట్టేశాను. ఇటు సైదులు డ్రైవరుకు ఫోన్‌లో, "అయిపాయె భయ్యా, పాలిష్ పడుతున్నది" అంటున్నాడు. నిజానికి రాడ్డు మీద గీత కూడా పడలేదు. మబ్బు మా రేకుల మీదికి వంగినట్టు నల్లబడింది. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నా పుట్టింటి గొప్ప కోసం ఒక రైతు పంటను బురదలో కలుపుతున్నాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మా ఆయన ఇస్త్రీ చొక్కాతోనే వచ్చి చొక్కా చేతులు పైకి మడిచాడు. పెట్రోలు గుడ్డతో బెల్టూ పుల్లీలూ తుడిచాడు, మళ్లీ తుడిచాడు. నేను కోసిన ముక్కను తిరిగి కలిపి క్లిప్పులు కొట్టాడు. నూనె తగిలిన బెల్టుకు పట్టు ఉండదట, అందుకని సుద్దపొడి రుద్దాడు. మోటారు వేస్తే చక్కు బుద్ధిమంతుడిలా తిరిగింది, ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా ఊడింది. పొద్దు ఇంకా ఉండగానే సైదులు షాఫ్టును తువ్వాలలో చుట్టుకుని బండి ఎక్కాడు.

మర్నాడు తెల్లవారుజాము నుంచే వాన దంచికొట్టింది. నేనూ మా ఆయనతో షాపుకు పోయి గుమ్మంలో దారి చూస్తూ నిలబడ్డాను. వాన వెలిసాక సైదులు షాపు ముందు దిగేసరికి ఎదురెళ్లాను.

"వడ్లు?" అన్నాను.

"గింజ తడవలేదక్కా. అంత కోసినం, టార్పాలిన్ పట్టాలు కప్పినం."

హమ్మయ్య అనుకున్నాను. అతను మా ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అన్నా, నీకు దండం పెడత. వచ్చే దసరాకు అక్కను ముందుగాల్నే సూర్యాపేటకు తోలు. బస్సు ఛార్జీలు నేను పెట్టుకుంట."

నిన్నటి నుంచి మూతి బిగించుకున్న మా ఆయన షెడ్డు రేకులు అదిరేలా నవ్వాడు. ఇప్పటికీ దసరా వస్తుందంటే చాలు, సైదులు ఫోన్ చేసి నేను ఎప్పుడు బయల్దేరుతున్నానో కనుక్కుంటాడు.

అందుకని ఇంటిల్లిపాదీ వినేలా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా చేతి నూనె తాళింపుకూ నా పిల్లల తలలకూ తప్ప, గుండ్రంగా తిరిగే ఏ వస్తువుకూ తగలదు. లేతుకు బొట్టు పెట్టక తప్పకపోతే గుమ్మం బయటే నిలబడి, మా ఆయన వేలితో పెట్టిస్తాను.