బొక్కలు పడిన జువ్వి కాయలు

సాయంత్రం బనగానపల్లె నుంచి మా బావ సుబ్బరాయుడు ఫోన్ చేశాడు. "నీ జువ్వి కాయలకు పురుగు పట్టింది బామ్మర్దీ. అన్నిటికీ బొక్కలే. మామిడికి తగులుకోకముందే రేపు మందు కొట్టిస్తాండా."

"నేను వచ్చిందాకా ఆగు బావా."

"పది గంటలకు పంపు మనిషి వస్తాడు. అంతలోపు వస్తే రా," అని పెట్టేశాడు.

ఆ బొక్కల కోసం నేను ఏడేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

ప్రొద్దుటూరులో చీరల దుకాణంలో లెక్కలు రాసే పని నాది. షావుకారుకు చెప్పి, తెల్లవారగానే జమ్మలమడుగు బస్సెక్కాను. పక్క సీట్లో వక్కాకు నములుతూ ఒక అవ్వ కూర్చుంది.

"యాడికప్పా ఇంత పొద్దున్నే?"

"బనగానపల్లెకవ్వా. చెట్టును చూడనీకి."

"చెట్టేమన్నా ఆస్పత్రిలో పడిండాదా?" అని ముందు సీటు వాళ్లకు కూడా వినిపించేలా నవ్వింది. "ఆడోళ్లకు టికెట్టు లేదు, నన్ను పంపినా చూసొద్దునే. దుడ్లు పెట్టి పోతాండావు!"

జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిని ఏడు గంటల బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వచ్చేవాళ్లు ఇక్కడే తినడం మంచిది. కొలిమిగుండ్ల దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్లు, వాటిని కోసే మిషన్లు, వేపాకుల మీద కూడా తెల్లటి దుమ్ము.

ఇలాంటి నేలలో వానఅడవి చెట్టు ఎలా ఉందో చెప్పాలి. పన్నెండేళ్ల కింద కర్ణాటకలోని కొడగు పోయినప్పుడు జానెడు మొక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. ఇంట్లో అందరం దాన్ని కొడగు జువ్వి అంటాం. అడవిలో ఇది నేల మీద మొలవదు. పక్షి రెట్టలోని గింజ వేరే చెట్టు కొమ్మల సందులో పడి, అక్కడే మొలిచి, వేళ్లను కిందికి దించుతుంది. చివరికి ఆ వేళ్లే మోసిన చెట్టును చుట్టేసుకుంటాయి. బావ తోటలో దీనికి అలాంటి ఆసరా లేదు కాబట్టి పాత రాతిబావి గట్టున నాటాను. వేళ్లు రాళ్ల సందుల్లోకి దూరి, కూలిపోతున్న గోడను పట్టి నిలబెట్టాయి. మూడో ఏడు దాటాక ఎవరూ నీళ్లు పోయలేదు. పోయిన వేసవిలో దారంతో కొలిస్తే మొదలు చుట్టుకొలత నాలుగడుగుల రెండంగుళాలు.

ఏడేళ్లుగా కాయలు జంటలు జంటలుగా వస్తున్నాయి, పచ్చిగానే రాలిపోతున్నాయి. జువ్వి పూలు బయటికి కనపడవు, కాయ లోపలే ఉంటాయి. కాయ కొనన ఉన్న సన్నని కన్నంలోంచి చీమకంటే చిన్న కందిరీగ ఒకటి లోపలికి పోతేనే గింజ కడుతుంది. లోపల పుట్టిన దాని పిల్లలు తొలుచుకుని బయటికి వస్తేనే కాయకు బొక్క పడుతుంది. ఒక్కో జాతి జువ్వికి ఒక్కో రకం కందిరీగ. మన చెట్టుది ఇంతవరకు రాలేదు. బావ దీన్ని గొడ్డు చెట్టు అనేవాడు.

కోవెలకుంట్ల దగ్గర బండల లారీ ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. బస్సు కదిలేసరికి తొమ్మిదిన్నర అయింది. బావకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. బనగానపల్లెలో దిగి ఆటో మాట్లాడుకుని తోట చేరేసరికి పదిన్నర దాటింది. పంపు శబ్దం బయటికే వినిపిస్తోంది.

పరుగెత్తాను. పంపు మనిషి గొట్టం పట్టుకుని మామిడి వరసల చివర ఉన్నాడు. జువ్వి ఆకులు ఇంకా పొడిగానే ఉన్నాయి.

"ముందు మామిడికి కొట్టమన్న్యా," అన్నాడు బావ. "మీ అక్క నన్ను బతకనిస్తాందా? తమ్ముడు వచ్చిందాకా చెట్టు జోలికి పోతే కూడు లేదంటాది."

"నిజంగానే పెట్టేదాన్ని కాదు," అంది అక్క.

ఎర్రగా పండిన కాయ ఒకటి కోసి బావ చేతికిచ్చాను. "పండు ఈగ కొట్టిన మామిడికాయను చూసినట్టే దీన్నీ చూడు బావా."

ముప్పై ఏళ్లుగా మామిడి పండిస్తున్న మనిషి. బొక్కను గోటితో గీకాడు. కాయను చీల్చాడు, వాసన చూశాడు, కళ్లద్దాలు పైకెత్తి దగ్గరగా పెట్టుకున్నాడు. "కుళ్లు లేదు. బొక్క లోపల్నుంచి పడింది," అన్నాడు మెల్లగా. "గింజలు చూడు, శానా ఉండాయి."

ఆ చీలికలోంచి నల్లటి నలుసొకటి పాక్కుంటూ అతని బొటనవేలు మీదికి వచ్చింది. రెక్కలు విదిలించుకుంది, ఎగిరిపోయింది. ముగ్గురం దాని వెనకే చూశాం.

"నా మామిడి మీద వాలదు కదా?"

"వాలినా అక్కడ దానికి పని లేదు. గుడ్లు పెట్టేది ఈ కాయలోనే."

బావ పంపు మనిషిని కేకేశాడు. "ఏమప్పా, ఈడొద్దు!"

"ట్యాంకులో మందు కలిపినా గదప్పా, యాడ పోయాల?"

"మిగిలింది రోడ్డవతల కందిచేనికి కొట్టుపో. ఈ చెట్టు దగ్గరికొస్తే కాళ్లిరగ్గొడతా!"

అక్క రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. మూడు గంటల బస్సుకు బయల్దేరాను. దారి పొడుగునా లెక్క కడుతూనే ఉన్నాను. ఆ పురుగు బతికేది ఒకటి రెండు రోజులు. దీని జాతి చెట్లు నల్లమల తడి లోయల్లో ఉన్నాయని చదివాను. దాని తల్లి అక్కడి నుంచే వచ్చిందనుకున్నా, ఇన్ని మైళ్ల ఎండ మీదుగా గాలిలో తేలుతూ వచ్చి, మా ఒక్క చెట్టును వెతికి పట్టుకుంది. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క తేలలేదు. వానలు తక్కువని అందరూ జాలిపడే మా సీమలో, ఒక వానఅడవి చెట్టు కడుపు పండిందన్న సంగతి మాత్రం బస్సులో పక్కవాడు అడగకపోయినా చెప్పాను.

చూడాలనుకునేవాళ్లు బనగానపల్లెలో దిగి ఆటో ఎక్కితే చాలు, బావే దగ్గరుండి చూపిస్తాడు. పండినవి రెండు కోసుకున్నా ఏమీ అనడు. పచ్చివి మాత్రం తాకొద్దు. లోపల జనం ఉన్నారు.