బెంచీ మీది హోల్డాల్

ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళుగా నాలోనే కుక్కుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీతో చెప్పడం తేలికనుకున్నాను. ఎక్కడ తేలిక? ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.

డెబ్బయిల చివరి మాట. ఇల్లు వికారాబాదులో, ఉద్యోగం సికింద్రాబాదులోని ఒక రైల్వే ఆఫీసులో. మాకు ఉచిత పాసులు ఇచ్చేవారు. అలాంటి పాసు మీదే బొంబాయి బయలుదేరాను. మా బావమరిది కొడుక్కి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. మా ఆవిడ ముందే వెళ్ళింది. నా స్లీపర్ బెర్తు మాత్రం వెయిటింగ్ లిస్టులోంచి కదల్లేదు.

వికారాబాదు ప్లాట్‌ఫారం బెంచీ మీద నా పక్కన ఖాసిం భాయ్ కూర్చున్నాడు. తాండూరు దగ్గర పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్. ఆయనదీ పాసే, ఆయనదీ వెయిటింగే, లిస్టులో నాకంటే ముందు. వికారాబాదులో ఎక్కితే బెర్తు దొరుకుతుందని ఎవరో చెబితే కూతురు షమీమ్‌ను వెంటబెట్టుకుని ఇంత దూరం వెనక్కి వచ్చాడు. ఆ పిల్లకు బొంబాయిలో నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. మర్నాడు హాజరు కాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ ముక్క ఆయన సంతోషంగా చెప్పాడు, ఆ పిల్ల భయంగా విన్నది.

బండి వేళ అయింది. బెర్తుల సంగతి అడిగి రమ్మని ఆయనే నన్ను పంపాడు.

"మీరు సదువుకున్నోళ్ళు, మంచిగ అడుగుతరు. దొర్కకుంటే జర జల్ది చెప్పుండ్రి సార్, జనరల్ డబ్బా కాడికి ఉర్కుతం. మీ సామాన్‌కు ఫికర్ వద్దు, నా కాడ అమానత్, పైలంగ ఉంటది."

పక్కబట్టలు చుట్టిన నా హోల్డాల్ ఆయన దగ్గరే పెట్టి వెళ్ళాను.

కౌంటర్లో అడిగితే పాసుల మీద ఒక్క బెర్తు కూడా లేదన్నారు. ఛార్జీ తేడా కడితే ఫస్ట్‌క్లాసులో ఒకటుందన్నారు. ముందు వాళ్ళను అడగాలి కదా? అడగలేదు. గ్యాంగ్‌మన్ ఫస్ట్‌క్లాసులో ఏం పోతాడులే అనుకున్నాను. కట్టేశాను. ఇక్కడిదాకా తప్పేం లేదని ఎన్నో రాత్రులు నాతో నేనే వాదించుకున్నాను. నా డబ్బు, నా బెర్తు. సరే. మరి ఆ బెంచీ దాకా నడిచి, "లేవు ఖాసిం భాయ్, మీరు జనరల్‌కు పొండి" అనడానికి ఏమొచ్చింది? అప్పటికే బండి వచ్చి నిలబడింది. వెళితే, మరి మీరెట్ల పోతరు సార్ అని ఆయన అడుగుతాడు. నా కొత్త టెరిలీన్ చొక్కా నలగకూడదని చెప్పనా? పోతే పోయింది పాత హోల్డాల్ అనుకుని, అటు వెళ్ళకుండా ఇటు నుంచి ఇటే డబ్బా ఎక్కేశాను.

బండి కదిలింది. నా ఖర్మకు మా డబ్బా సరిగ్గా ఆ బెంచీ ముందు నుంచే సాగింది. ఖాసిం భాయ్ నా హోల్డాల్ భుజాన వేసుకుని, నేను వెళ్ళిన వైపే మెడ చాచి చూస్తున్నాడు. షమీమ్ మాత్రం బండివైపు తిరిగి ఉంది. మా చూపులు కలిశాయి. కిటికీ షట్టర్ దించేశాను.

బొంబాయి నుంచి నేను ఒక్కణ్ణే తిరిగొచ్చాను. ఆ ఆదివారం తలుపు చప్పుడైంది. చూస్తే ఖాసిం భాయ్, భుజాన హోల్డాల్. దాని మీద రాసి ఉన్న పేరు, వీధి పట్టుకుని తాండూరు నుంచి వచ్చాడు. షమీమ్ గేటు దగ్గరే ఆగిపోయింది.

"పానం మంచిగుందా సార్? ఏమైపోయిండ్రు? బండి పోయినంక, యాడన్న పడిపోయిండ్రేమోనని పట్టాల పొంటి గూడ దేవులాడినం."

కళ్ళు తిరిగి పడిపోయానన్నాను. తెలిసినవాళ్ళు ఇంటికి చేర్చారన్నాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో! మరి బిడ్డ సీటు ఏమైందని అడిగాను.

"పోయింది సార్. తెల్లారి బండికి పోయినం, అప్పటికే వేరేటోళ్ళకు ఇచ్చిండ్రు." గొంతు తగ్గించాడు. "సార్ ఫస్ట్‌క్లాస్ కిటికీల కూసున్నడు, నేను చూసిన అన్నది నా బిడ్డ. సామాన్ ఇడిచి గట్లెట్ల పోతడు, మంచి మనిషి మీద నింద ఏస్తవా అని కొట్టిన. జిందగీల మొదటిసారి చెయ్యి లేపిన."

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. ఆయన గేటు వైపు తిరిగి, "ఇన్నవా బిడ్డా? కండ్లు తిరిగి పడ్డరట సార్" అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

ఖాసిం భాయ్ జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. నా క్షేమం కోసం దర్గాలో చక్కెర మీద ఫాతెహా చదివించి తెచ్చాడట. అరచేతిలో పోశాడు. ఆ పిల్ల చూస్తుండగానే నేను ఆ చక్కెర తిన్నాను.

ఆ తర్వాత ఎన్నోసార్లు తాండూరు మీదుగా వెళ్ళాను. ఒక్కసారీ దిగలేదు. బండి అక్కడ ఆగిందంటే చాలు, కూర్చోలేను. లేచి ఆ తలుపు దగ్గరికీ ఈ తలుపు దగ్గరికీ తిరుగుతాను. దిగి ఏమని అడగను? సీటు తెచ్చివ్వగలనా? ఆ దెబ్బ వెనక్కి తీసుకోగలనా? ఆమె ఎక్కడుందో, ఏం చేస్తోందో నాకు తెలియదు. తండ్రి ఆ అబద్ధాన్నే నిజమనుకుని ఉండిపోయాడేమో. ఆ రోజు గేటు దగ్గర అనాల్సిన మాట ఒక్కటే. ఇప్పుడు మీ ముందు అంటున్నాను.

షమీమ్, నువ్వు చూసింది నన్నే.