అక్షరాలు ఎటు చూడాలి

కషిమో లోయలో ఈ ఇరవై ఏళ్ళలో లేచిన ఇళ్ళలో చాలావాటికి కర్రలు కోయించింది మిచియోనే. ఆ మాట ఎవరైనా ఆవిడ మామగారు తొమెజో మేస్త్రి దగ్గర అంటే, ఆయన కాదనేవాడు కాదు. చూపుడువేలు గాల్లోకి ఎత్తి, కనపడని మీటని టక్కుమని నొక్కి చూపించేవాడు.

"ఇదుగో, ఇలా. ఇల్లు అయిపోయింది. ఇంక టీ తాగొచ్చు."

మిచియో నవ్వి ఊరుకునేది. పూర్తిగా అబద్ధం కాదు కదా మరి. చెక్క ఫ్యాక్టరీలో ఆవిడ పని, మేస్త్రీలు పంపిన గీతల్ని బట్టి కంప్యూటర్లో ఇంటి చట్రాన్ని స్తంభం స్తంభంగా నిలబెట్టడం. ఏ దూలం ఏ స్తంభంలో కూర్చోవాలో, దేనికి కొసన నాలుక చెక్కాలో, దేనికి బెజ్జం తొలవాలో తేల్చడం. చివర్న మీట నొక్కితే ఆ లెక్కంతా పక్క షెడ్డులోని మెషీన్‌కి వెళ్తుంది. అది హినోకి కర్రల్ని ఒక్కొక్కటే మింగి, కోసి, తొలిచి, ఒంటిమీద ఒక అక్షరం, ఒక అంకె అచ్చేసి అవతలికి తోస్తుంది. అడ్డవరసకి అక్షరం, నిలువువరసకి అంకె. వాటిని చూసే ఏ కర్ర ఎక్కడ నిలబడాలో వడ్రంగులు తెలుసుకుంటారు.

మెషీన్‌తో చిక్కేమిటంటే అది ఎదురు ప్రశ్న వెయ్యదు. కొత్తలో ఒకసారి మిచియో ఒక వంటింటి స్తంభాలన్నీ జానెడు పొట్టిగా పంపింది. మెషీన్ వినయంగా కోసి పెట్టింది. దాన్ని నడిపే ఒగిసో ఆ కర్రల వంక చూసి, ఆవిడ బల్ల దగ్గరకి వచ్చి, చాలా మర్యాదగా అడిగాడు.

"మిచియోగారూ, ఈ ఇంటివాళ్ళు వంగి నడుస్తూ వండుకుంటారాండీ?"

ఆ పొట్టి స్తంభాల్లో ఒకదాన్ని తొమెజో మేస్త్రి ఇంటికి తెప్పించి, ఊరగాయ తొట్ల కింద పీటగా వేశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "మా కోడలి మొదటి ఇల్లు" అని దాన్నే చూపించేవాడు.

అప్పట్నుంచీ మిచియో మీట నొక్కేముందు తెరమీది ఇంట్లో గది గదీ పిల్లిలా తిరిగొస్తుంది. చట్రం నిలబెట్టే రోజున మాత్రం ఆ ఛాయలకి వెళ్ళదు. ఫ్యాక్టరీలోనే కూర్చుని, ఫోను వంక చూస్తూ మధ్యాహ్నం సగం అన్నం వదిలేస్తుంది. ఏదైనా కుదరకపోతే ఫోను మోగుతుంది. కుదిరితే మోగదు. ఆ ఉద్యోగంలో మెచ్చుకోలు అంటే అంతే, ఫోను మోగకపోవడం.

కిందటేడు తొమెజో మేస్త్రి భుజం మొరాయించింది. ఇంక సుత్తి ఎత్తొద్దని డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఆయన కూతురు హరునోకి ఇల్లు కట్టాల్సి వచ్చింది. తర్వాత ఒక సాయంత్రం భోజనాల దగ్గర, మీసో చారు గిన్నెలు పక్కకి జరిపి, బల్లమీద ఒక సుగి చెక్క పలక పెట్టాడు. దానిమీద సిరాతో ఇంటి గీత. ఆయన కట్టిన ప్రతి ఇల్లూ అలాంటి పలకమీదే పుట్టింది.

"నీ మెషీన్‌కి ఇది తినిపించు," అన్నాడు, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

మిచియో భర్త షిగెమి నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మెషీన్ కోసిన ఇల్లు మిఠాయి డబ్బాతో సమానమని లోయంతా చాటింది తన తండ్రే. ఇది ఆయన చివరి ఇల్లు. నిలబెట్టే రోజున పాత జట్టు వడ్రంగులంతా వస్తారు. వాళ్ళ ఎదుట ఒక్క దూలం కుదరకపోయినా ఆయన మేస్త్రితనం అక్కడే పోతుంది. మిచియో ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇదే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినాలి.

అందుకని ఆవిడ ఆ ఇంటిని ఎన్నిసార్లు తిరిగి చూసిందో చెప్పలేం. అంతా కుదిరింది. ఇంక పంపాలి అనుకునే సమయానికి ఆవిడకి ఒక ముచ్చటైన ఆలోచన వచ్చింది.

ఫ్యాక్టరీ పద్ధతిలో స్తంభంమీది అక్షరం ఎప్పుడూ రోడ్డువైపు చూస్తుంది. క్రేను ఆగేది అక్కడే కనక, అక్కణ్ణుంచి చదువుకోవడానికి వీలు. తొమెజో మేస్త్రి గురుపరంపరలో అక్షరం దక్షిణం వైపే చూడాలి, రోడ్డు ఎటున్నా సరే. హరునో స్థలానికి రోడ్డు ఉత్తరాన ఉంది. మిచియో కూర్చుని ప్రతి స్తంభానికీ అక్షరాన్ని దక్షిణం మొహానికి మార్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజున మామగారు అది చూసి, "ఓహో" అనాలి. ఆ ఒక్క "ఓహో" కోసం ఆవిడ నోరు కట్టేసుకుని, మీట నొక్కింది.

నిలబెట్టే రోజు రానే వచ్చింది. ఈసారి తప్పించుకునే దారి లేదు, ఆడపడుచు ఇల్లాయె. తెల్లవారుతూనే స్థలం శుద్ధికని నాలుగు మూలలా ఉప్పూ, సాకే సారా చల్లారు. మిచియో, హరునో కలిసి పక్కింట్లో అన్నం ఉండలు చుట్టారు. మిచియో పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి మూల స్తంభాలు అప్పటికే లేచాయి. అక్షరాలు నల్లగా, ముద్దుగా కనిపిస్తున్నాయి. రోడ్డుమీద నిలబడ్డ ఆవిడకి కనిపిస్తున్నాయి.

రోడ్డుకి కనపడకూడదు కదా అని ఆవిడకి అప్పుడు తట్టింది.

స్తంభం అడుగున చెక్కిన నాలుక ఇటు తిప్పినా అటు తిప్పినా కింది దూలంలో హాయిగా దిగిపోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. దూలాలు దూరాల్సిన బెజ్జాలు మాత్రం ఇంటికి వీపు పెట్టి, బయట వరిమళ్ళని చూస్తున్నాయి. మొదటి దూలం క్రేను కొసన వేలాడుతూ, ఎక్కడ దిగాలో తెలియక మెల్లగా తిరుగుతోంది.

నిచ్చెన కొసన కూర్చున్న కన్బే, తొమెజోతో కలిసి పని నేర్చుకున్న ముసలి వడ్రంగి, గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, ఒక చిన్న సందేహం. దీన్ని పక్కవాళ్ళ చేలోంచి దూర్చమంటావా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడానికి అందరూ పడుతున్న అవస్థ మాత్రం కనిపిస్తోంది. తొమెజో మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన స్తంభం వంకే చూస్తూ నిలబడ్డాడు.

మిచియో పళ్ళెం హరునో చేతిలో పెట్టేసింది. "మామయ్యా, తప్పు నాదే. అక్షరాలు నేనే తిప్పాను. మీ పద్ధతిలో దక్షిణం వైపు పెట్టాను."

"దక్షిణమా?" అన్నాడాయన. "ఎందుకు? మీ ఫ్యాక్టరీలో రోడ్డువైపు కదా పెట్టేది?"

"ఆ సంగతి మీకెలా తెలుసు?"

జవాబు చెప్పింది కర్రలతోపాటు లారీలో వచ్చిన ఒగిసో. "మొన్న ముల్లంగి దుంపలు ఇవ్వడానికని ఫ్యాక్టరీకొచ్చి నన్నడిగారండీ. మీకు చెప్పొద్దన్నారు."

"అడగడమేనా?" కన్బే పైనుంచి అందుకున్నాడు. "పొద్దున్న మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, ఈ ఒక్కరోజు మా కోడలి పద్ధతి, అక్షరం రోడ్డువైపు, ఎవడూ నోరెత్తొద్దు అన్నాడమ్మా. బెజ్జాలు బయటికున్నాయని నాకు ముందే కనపడింది. నోరెత్తొద్దన్నాడు కదా అని ఊరుకున్నా."

అప్పుడు నవ్వారు. ముందు హరునో, తర్వాత క్రేను అబ్బాయి, ఆ తర్వాత రోడ్డుమీద పోతూ ఆగిన వాళ్ళు కూడా.

"తప్పు నాది," అన్నాడు తొమెజో మేస్త్రి గట్టిగా, నవ్వు ఆగేదాకా ఆగి. "జట్టుకి చెప్పింది నేను."

"కాదు, నాదే మామయ్యా. మీకు చెప్పకుండా..."

"మీరిద్దరూ ఇంటికెళ్ళి పంచుకోండి," అన్నాడు కన్బే. "నాకు ఎటు తిప్పాలో చెప్తే చాలు."

"దక్షిణం," అన్నాడు తొమెజో.

స్తంభాలు పైకి లాగి, తిప్పి, మళ్ళీ దించడానికి టీ వేళ దాటింది. ఆ తర్వాత పని పరుగెత్తింది. దూలాలు ఒక్కొక్కటీ దిగుతుంటే కన్బే సుత్తి దెబ్బ మొదట బోలుగా, చివరికొచ్చేసరికి గట్టిగా వినపడేది. గట్టి చప్పుడు వచ్చినప్పుడల్లా మిచియో ఊపిరి వదిలేది. ఫోను దగ్గర కూర్చున్న ఇన్నేళ్ళలో ఆ చప్పుడు ఆవిడ వినలేదు మరి.

సాయంత్రం ఎండ పసుపెక్కే వేళకి వెన్నుదూలం ఎక్కింది. తొమెజో మేస్త్రి పైకెక్కి, ప్రతి అతుకు దగ్గరా బొటనవేలి గోరు దూర్చి చూశాడు. గోరు దూరలేదు. అక్కణ్ణుంచే కిందికి వంగి పిలిచాడు.

"అమ్మాయ్, ఇలా రా."

"అక్కడికా?"

"నేను కిందికొచ్చి చెప్పే మాట కాదు. ఎక్కు."

మిచియో ఎక్కింది. సగం దూరం బాగానే ఎక్కి, కిందికి చూసి, చివరి స్తంభాన్ని రెండు చేతులా కావలించుకుని ఉండిపోయింది. తెరమీద ఆ ఇంట్లో గది గదీ తిరిగినప్పుడు ఇంత ఎత్తు లేదు. ఒగిసో కింద నిచ్చెన పట్టుకుని, "కళ్ళు మూసుకోండి, మిచియోగారూ," అన్నాడు. కన్బే, "మూసుకుంటే ఎలా ఎక్కుతుందిరా," అన్నాడు. చివరికి ఇద్దరు ముసలి వడ్రంగులు ఆవిడ చంకల కింద చేతులేసి లాగారు.

తొమెజో మేస్త్రి అతుకు చూపించాడు. "కొంచెం బిగుతు. నేనైతే ఇంత బిగుతు పెట్టను."

"మరీ ఎక్కువైందా?"

"బాగుందంటున్నా."

కింద ఊరివాళ్ళంతా పోగయ్యారు. ఏప్రన్లు చాపి, టోపీలు తిరగేసి పట్టుకుని, పైకి చూస్తున్నారు. ఇల్లు నిలబెట్టిన వాళ్ళు శుభమని పైనుంచి బియ్యప్పిండి ముద్దలు విసిరే వేళ అది. తొమెజో మేస్త్రి ముద్దల బుట్టని తన ఒళ్ళోంచి తీసి, మిచియో ఒళ్ళో పెట్టాడు.

"నేనా?" అంది ఆవిడ.

"కోసింది నువ్వే కదా. విసురు."

ఆవిడ ఒక చేత్తో స్తంభాన్ని వదలకుండా, రెండో చేత్తో ఒక ముద్ద తీసి, కళ్ళు సగం మూసుకుని విసిరింది. అది ఏ ఏప్రన్‌లోనూ పడలేదు. తిన్నగా వెళ్ళి ఒగిసో బట్టతలమీద తగిలి, ఎగిరి, హరునో పళ్ళెంలో పడింది.

"గురి మాత్రం మెషీన్‌కే వదిలెయ్యవే," అన్నాడు తొమెజో మేస్త్రి, ఆవిడ కింద పడకుండా నడుం దగ్గర చొక్కా గట్టిగా పట్టుకుని. "ఊఁ, ఇంకోటి."