ఒంటి చెవి మేక

మా హాస్టల్‌లో వంట చేసిన అవ్వ పోయింది. సోమవారం పొద్దున నేను పిల్లల హాజరు తీసుకుంటుంటే కేతేపల్లి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయింది టీచరమ్మా. నిద్రలనే పోయింది. నీకు జెప్పాలె గదా అని చేసిన" అంది. నేను "అట్లనా" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి మిగిలిన పేర్లు పిలిచాను. ఎవరు పలికారో, ఎవరు పలకలేదో నాకు గుర్తు లేదు. పిల్లలకు మాత్రం సంగతి చెప్పలేకపోయాను. పని మీద నల్లగొండ పోతున్నానని అబద్ధమాడి బయల్దేరాను.

మాది కల్వకుర్తి దగ్గరి పల్లెలో చిన్న హాస్టల్. తల్లిదండ్రులు బొంబాయికో పుణేకో కూలి పనికి వలస పోతే, వెనక మిగిలిన పిల్లలు ఇక్కడ ఉండి చదువుకుంటారు. కరోనా తర్వాత మళ్లీ తెరిచిన ఏడు నేను ఇందులో చేరాను. అప్పటికే అవ్వ వంటింట్లో ఉంది. ఆమె తోలుబొమ్మలు ఆడించే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వెళ్లింది. ఆట చూసేవాళ్లు తగ్గిపోయాక ఇంటాయన ఆటో నడిపాడు. ఆయన పోయాక అవ్వ గరిటె పట్టింది. బొమ్మల పెట్టెను మాత్రం వదల్లేదు. స్టోర్‌రూమ్‌లో ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీసి, లోపల వేపాకు వేసి దాచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆ పెట్టె కిందికి దిగేది. చేతుల పప్పు వాసన పోయేదాకా అవ్వ కుంకుడు రసంతో రెండుసార్లు కడుక్కునేది. స్టోర్‌రూమ్ పడమటి కిటికీకి తెల్ల పంచె కట్టేది. చూసేవాళ్లం లోపల చీకట్లో బియ్యం బస్తాల మీద కూర్చునేవాళ్లం. ఆడించేవాళ్లు బయట ఎండలో, కిటికీ గోడ కింద గొంతుక్కూర్చుని, పుల్ల పట్టుకుని బొమ్మను పంచెకు ఆనించేవాళ్లు. మనిషి కనపడడు, బొమ్మ నీడే కనపడుతుంది. "దీపం దేనికి, పొద్దు లేదా?" అనేది అవ్వ.

మొదట తనే ఒక ఆట ఆడించి, తర్వాత బొమ్మను పిల్లల చేతికిచ్చేది. "లోపట కూసున్నోళ్లు కత ఇంటరు. బయట కూసున్నోళ్లు కత జెప్తరు. మన పోరగాండ్లకు ఇనుడు శాన అయింది టీచరమ్మా, జెప్పుడే లేదు" అనేది. ఆమెకు ఒక్కటే కట్టుబాటు. బొమ్మ మాట్లాడుతుంటే బొమ్మనే అడగాలి. ఆడిస్తున్న పిల్లను పేరు పెట్టి పిలవకూడదు. పంచె విప్పాక ఆ మాటలు మళ్లీ ఎత్తకూడదు.

నేను దాన్ని కాలక్షేపం అనుకున్నాను. పిల్లలకు ఎక్కాలు రావట్లేదన్న దిగులే నాకెక్కువ. అవ్వ ఆ దిగులును కూడా ఆటలోకి లాగింది. ఆమె మేక బొమ్మ తెర మీదికొచ్చి "మూడు మూళ్లు పది" అని గంభీరంగా చెప్పేది. నా ముందు నోరు మెదపని పిల్లలు సైతం "తొమ్మిదీ!" అని అరిచేవాళ్లు. మేకకు పాఠం చెప్పడంలో వాళ్లకే ఎక్కాలు వచ్చేశాయి. ఆ మేకను అవ్వ స్వయంగా చేసింది. తోలును వెలుతురు కనపడేదాకా గీకి, ఎరుపూ నలుపూ రంగులద్ది, అన్నింటికన్నా ఆఖరున కంటి చోట చిల్లు పొడిచిందట. "మేకతోలుతోని మేకనే జేసిన. దానిది దానికే ఇచ్చిన" అని నవ్వేది.

అనిత మూడో తరగతిలో మా దగ్గరికొచ్చింది. పుణేలో కడుతున్న భవనం మీద నుంచి పడి వాళ్లమ్మ చనిపోయింది. తండ్రి దినాలు ముగించి, పిల్లను మా దగ్గర దించి, మళ్లీ అదే పనికి వెళ్లిపోయాడు. అనిత మూడు నెలలు ఒక్క మాట మాట్లాడలేదు. బుజ్జగించాను, చాక్లెట్లు కొనిచ్చాను, కల్వకుర్తి దవాఖానకు తీసుకెళ్లాను. గొంతు బాగానే ఉందన్నారు.

ఒక ఆదివారం ఆ పిల్ల తనంతట తనే లేచి బయటికి వెళ్లింది. పంచె మీద మేక నీడ కదిలింది. సన్నటి గొంతు వినపడింది. "మా అమ్మ గుట్టకు మేతకు పోయింది. అందరు వస్తది అంటున్నరు. రాదు. నాకెరుకే."

నాకు తొందర ఎక్కువ. ఇప్పుడే అడగాలి, ఇప్పుడే ఓదార్చాలి అనిపించింది. బయటికి పరుగెత్తి పిల్లను పట్టుకుని గుండెలకు అదుముకున్నాను. "అనితా, మీ అమ్మ గురించేనా చెప్తున్నవ్?" అన్నాను. ఆ పెనుగులాటలో మేక చెవి నా చేతిలోకి ఊడొచ్చింది. అనిత నన్ను చూసింది, చెవిని చూసింది. పిల్ల నోరు మళ్లీ మూతపడింది.

అవ్వ నన్ను పిల్లల ముందు ఏమీ అనలేదు. వంటింట్లో మాత్రం కడిగేసింది. "మేక మాట్లాడ్తుంటే మేకను అడగాలె గదా! పిల్లను అడిగితే ఏం జెప్తది? పిల్ల దాక్కున్న జాగా నువ్వు పీకేస్తివి." చెవి కుట్టమన్నాను. వద్దంది. "దానికేమైందో అదే జెప్పుకోవాలె."

ఆ తర్వాత ప్రతి ఆదివారం అవ్వ ఒంటి చెవి మేకను కాసేపు తెరకు ఆనించి ఊరకే ఉండేది. ఆరో ఆదివారమో ఏడో ఆదివారమో, లోపల బస్తాల మీద నుంచి అనిత గొంతు వచ్చింది.

"చెవికేమైంది?"

"తొందర పడ్డోళ్లు గుంజిర్రు" అంది మేక. చీకట్లో నేను తల వంచుకున్నాను.

"నొప్పి లేసిందా?"

"లేసింది. ఇప్పుడు జర తక్కువైంది. నీకు?"

"నాకింక తక్కువ గాలే" అంది అనిత. ఆ రోజు నుంచి మాట్లాడింది. ముందు మేకతో, తర్వాత అవ్వతో, చాలా కాలానికి నాతో.

నాకూ చెప్పుకునే మనుషులు లేరని అవ్వ ఎప్పుడో కనిపెట్టింది. అమ్మానాన్నలు పోయారు, అన్న పండక్కి ఫోన్ చేస్తాడు. సెలవుల్లో పిల్లలంతా వెళ్లిపోతే ఖాళీ హాస్టల్‌లో మేమిద్దరమే అన్నం తినేవాళ్లం. "నువ్వు గూడ ఒక్క పారి బొమ్మ పట్టరాదు, టీచరమ్మా" అనేది. నాకు చెప్పుకునేదేం లేదని నవ్వేసేదాన్ని. నిరుడు మోకాళ్లు పట్టేసి ఆమె బొమ్మల పెట్టెతో సహా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాక, అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే గుర్తొచ్చేది.

దేవరకొండ, నల్లగొండ, నార్కట్‌పల్లి, బస్సు మీద బస్సు మారి కేతేపల్లి చేరేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో ఎవరో టీ గ్లాసు చేతికిచ్చి, "ఏమైతవు బిడ్డా?" అని అడిగారు. కలిసి పనిచేశామని చెప్పాను. అంతకు మించి చెప్పుకోవడానికి నాకు వరస లేదు.

చెల్లెలు ఒక గుడ్డమూట తెచ్చిచ్చింది. "ఆడి ఆడి పాతవడ్డ బొమ్మలను మా ఇండ్లల్ల నీళ్లల్ల సాగనంపుతం. అక్క జెప్పినట్టే పెట్టెల బొమ్మలన్నీ మూసీల ఇడిసినం. గిదొక్కటి వద్దన్నది. దీని ఆట ఇంక ఒడువలే, మిగిలే ఉన్నది, టీచరమ్మకియ్యి అన్నది." విప్పి చూశాను. ఒంటి చెవి మేక.

తిరిగొచ్చాక కూడా ఆదివారం దాకా పిల్లలకు చెప్పలేదు. అనితకైతే ఎదురుపడకుండా తప్పుకు తిరిగాను. ఇప్పుడు ఆ పిల్ల ఏడో తరగతి, నా ముఖం చూస్తే ఇట్టే పట్టేస్తుంది. మధ్యాహ్నం నేనే పంచె కట్టాను. వాళ్లను లోపల కూర్చోబెట్టి, గోడ కింద గొంతుక్కూర్చుని మేకను తెరకు ఆనించాను. మేక గొంతుతో చెప్పాలని వారమంతా మనసులో అనుకున్న మాట ఒక్కటీ బయటికి రాలేదు. మేకను అలాగే తెరకు ఆనించి పట్టుకున్నాను.

అప్పుడు అనిత అడిగింది. టీచర్ అనలేదు.

"మేకా, చెవి మళ్ల నొప్పి లేస్తాందా?"

"లేస్తాంది" అన్నాను. అది మేక గొంతు కాదు, నాదే. "అవ్వ పోయింది."

లోపల చిన్నవాళ్లెవరో ఏడ్వడం మొదలుపెట్టారు. ఒక్కరూ బయటికి పరుగెత్తి రాలేదు. నన్ను పేరు పెట్టి పిలవలేదు.

"మేం ఈడనే ఉన్నం" అంది అనిత. "నువ్వు జెప్పు, మేకా."

ఏడుస్తూనే చెప్పాను. పొద్దు దిగి పంచె మీద ఎండ ఎర్రబడింది. మేక నీడ కొంచెం కొంచెంగా పలచబడి, చివరికి ఆ ఒక్క చెవీ కనపడకుండా పోయింది. అయినా లోపల బస్తాల మీది నుంచి ఎవరూ లేవలేదు.