కుడిచేతి గ్లౌజు

షెడ్డులో ఆయన్ని అందరూ రంగులాయన అనేవారు. కుర్చీలు, సైకిల్ ఫ్రేములు, మంచాలు, గేట్లు, ఇనుపది ఏది వచ్చినా రంగు పట్టించి ఓవెన్‌లోకి పంపడం ఆయన పని. బ్రష్షుతో పూసే తడి రంగు కాదది, పిండిలా మెత్తటి పొడి. వస్తువుని కొక్కేనికి తగిలించి, గన్ను పట్టుకుని చల్లుతాడు. గన్ను కొసన ప్రతి రేణువుకీ కాస్త కరెంటు అంటుకుంటుంది. అన్నిటికీ ఒకే రకం అంటుకుంటుంది గనక అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పొగమంచులా విడిపోతాయి. ఎదురుగా ఎర్తు తీగ కలిపిన ఇనుము ఉంటే చాలు, పరుగున వెళ్ళి దాని మీద వాలతాయి. ముందు నిలబడి చల్లితే వెనక కాళ్ళకి కూడా చుట్టుతిరిగి పోయి పట్టుకుంటాయి. మూలల్లోకి మాత్రం ఓ పట్టాన దూరవు. అక్కడ రంగులాయన బతిమాలేవాడు. "లోపలికి వెళ్ళవే తల్లీ, అక్కడేమన్నా పులుందా?" అని పొడితోనే మాట్లాడేవాడు. ఆయన నోటికి షెడ్డులో మూత లేదు.

అదే మనిషికి ఇంటి గుమ్మం దాటగానే నోట్లో నాలుక ఉండేది కాదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఈయనది తిరగేసిన సామెత. కారణం ఆ ఇంట్లో ఉన్న చిన్నపిల్ల. నలభై దాటాక ఆయన పెళ్ళి చేసుకున్నది కర్టెన్లు కుట్టే ఒకావిడని. భర్త పోయిన మనిషి, ఒక కూతురుంది. పెళ్ళయి రెండేళ్ళయినా ఆ పిల్ల ఆయన్ని ఏ పిలుపుతోనూ పిలవలేదు. ఏదైనా చెప్పాలంటే తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఆయన గొడుగు మర్చిపోయారు" అనేది. ఆయన పక్కనే నిలబడి ఉండగా! ఆయన గొడుగు తీసుకుని గోడకి చెప్పినట్టు "ఆఁ, ఆఁ" అనేవాడు. పిల్ల తల మీద ఒక్కసారి చెయ్యి వెయ్యాలని ఆయనకి ఎంత ఉండేదో. భయపడేవాడు. తప్పుకుంటుందేమో, మళ్ళీ దగ్గరికి రాదేమో అని ఆ చెయ్యి జేబులోనే ఉండిపోయేది.

ఆ చెయ్యి కూడా చూడముచ్చటగా ఏం లేదు. రంగు వేసే ముందు ఇనుముకున్న జిడ్డు మందునీళ్ళతో కడగాలి. ఆ నీళ్ళకి అరచేయి బీటలు వారి, చలికాలం వస్తే నెత్తురు కారేది. పిల్ల ఇవన్నీ చూస్తూనే ఉంది. ఇంకోటి కూడా చూసింది. రోజూ సాయంత్రం ఆయన సంచిలోంచి ఒకే ఒక్క రబ్బరు గ్లౌజు తీసి తీగ మీద ఆరేస్తాడు. ఎప్పుడూ ఎడమచేతిదే. షెడ్డు ఓనరు ఎంగిలి చేత్తో కాకిని తోలడని తల్లి అనగా ఎన్నోసార్లు వింది. ఇక లెక్క తేలిపోయింది. ఆ పిసినారి జతలో సగమే ఇచ్చి పని చేయించుకుంటున్నాడు!

తల్లి దగ్గర అల్లిక నేర్చుకుని, నెల రోజులు దుప్పటి చాటున కూర్చుని, ఆ పిల్ల ఒక గ్లౌజు అల్లింది. ఒక్కటే, కుడిచేతిది. నీలం ఉన్ని. బొటనవేలి దగ్గరకొచ్చేసరికి నీలం అయిపోతే ఎర్రది వేసింది. ఒక పొద్దున ఆయన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, మొదటిసారి ఆయన మొహంలోకి చూసి, "ఇది వేసుకుంటారా?" అంది.

వేసుకోకూడదు. ఆయనకి తెలుసు. గన్ను పట్టుకున్న చెయ్యి వట్టిగా ఉండాలన్నది ఆ పనిలో మొదటి పాఠం. కొత్తగా వచ్చినవాళ్ళకి చెవి మెలిపెట్టి నేర్పినవాడు ఆయనే. కానీ ఆ మొహం చూశాక ఏ మగాడు వద్దంటాడు చెప్పండి? "వేసుకుంటానమ్మా, ఇవాళే వేసుకుంటా" అనేశాడు. "అయితే బడి వదిలాక చూడ్డానికొస్తా" అంది పిల్ల.

అదీ వచ్చిన చిక్కు. సాయంత్రం గేటు చప్పుడు వినబడగానే గ్లౌజు తొడుక్కుని, ఒక కుర్చీ మీద పొడి చల్లడం మొదలెట్టాడు. వెర్రిబాగులవాడు! పిల్ల గుమ్మంలో నిలబడి ఎర్ర బొటనవేలు చూసి నవ్వింది. ఆ నవ్వుకి ఆయన ఒళ్ళు మరిచిపోయాడు. గన్ను కొక్కేనికి తగిలించి, ఎడమచేతి రబ్బరు గ్లౌజు పీకేసి, గబగబా వెళ్ళి, రెండేళ్ళుగా జేబులో దాచుకున్న చేత్తో పిల్ల చెవి పక్కన నిమరబోయాడు.

చిటుక్కుమంది. నీలం రవ్వ ఒకటి వేలి కొసనుంచి చెవి మీదకి దూకింది. పిల్ల కెవ్వున అరిచి, చెవి మూసుకుని వెనక్కి గెంతింది. వెనకనుంచి ఓనరు కేకలు. "నువ్వు మనిషివా, ట్రాన్స్‌ఫార్మరువా? గాల్లో పొడుండగా రవ్వ పడితే కొంప అంటుకోదూ? తీసి అవతల పారెయ్ ఆ గుడ్డముక్కని!" గుడ్డముక్క అన్న మాట పిల్ల వింది. ఏడుస్తూ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్ల తన కంచం తల్లికి అటువైపు జరుపుకుంది. గ్లౌజు వేసుకుంటే పనికి ముప్పు. వేసుకోకపోతే పిల్ల మనసు విరుగుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పిల్ల నిద్రపోయాక భార్య అంది, "అది గ్లౌజు సంగతి అడగట్లేదండీ. నేనంటే ఇష్టం లేక కొట్టారా అని అడుగుతోంది. షెడ్డులో ఉండే నోరు అక్కడే తాళం వేసి వస్తారా ఏమిటి? చెప్పండి దానికి."

మర్నాడు సెలవు. ఆయన పొట్లంలో చిటికెడు ఎర్రపొడి, చంకలో ఆ ఉన్ని గ్లౌజు పెట్టుకుని, తల దువ్వుకుంటున్న పిల్ల ముందు చతికిలబడ్డాడు. "నీ దువ్వెన ఇస్తావా? దాంతోపాటు నీ జుట్టు కూడా కావాలి. నాకు లేదుగా" అని బట్టతల చూపించాడు. పిల్ల నవ్వు ఆపుకుంది గానీ దువ్వెన ఇవ్వలేదు, తనే గట్టిగా దువ్వింది. వెంట్రుకలు లేచి దేనికది దూరంగా నిక్కబొడుచుకున్నాయి.

"సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి" అంది పిల్ల, పాఠం అప్పజెప్పినట్టు, గోడవైపు చూస్తూ.

"అబ్బో! మా షెడ్డులో అంత పెద్ద మాటలు లేవు. ఒకే రకానివైతే నెట్టుకుంటాయంటాం. దువ్వెన పొడి దగ్గరికి తీసుకురా. మెల్లిగా. దూరం సగమైతే లాగుడు నాలుగింతలవుతుంది." పిల్ల దువ్వెన కిందికి వంచింది. పొడి ఒక్కసారిగా ఎగిరి పళ్ళకి అంటుకుంది. పిల్ల ఈసారి గోడవైపు చూడలేదు.

"నేను చల్లేటప్పుడు ఆ కరెంటు కొంచెం నామీదకీ వస్తుంది తల్లీ. వట్టి చెయ్యి గన్ను ఇనుప పిడిని తాకుతుంటే, వచ్చింది వచ్చినట్టే ఎర్తు తీగలోంచి నేలలోకి పోతుంది. మధ్యలో ఉన్ని అడ్డొస్తే పోయే దారి లేక నాలోనే పోగవుతుంది. నిన్న ఎవరిని ముట్టుకున్నా వాళ్ళకి తగిలేది. ముట్టుకున్నది నిన్ను. ముట్టుకోవాలని రెండేళ్ళుగా ఉంది నాకు."

పిల్ల దువ్వెనకి అంటిన పొడిని వేలితో తుడిచి, "అయితే ఓనరు పిసినారి కాదా?" అంది.

"పిసినారే. దీనికి మాత్రం కాదు."

"వట్టిగా ఉండాల్సింది అరచెయ్యేనా? పైనంతా కప్పొచ్చా?"

ఆయన తలూపాడు. కత్తెర తెస్తుందేమోనని గ్లౌజుని గుండెకి అదుముకున్నాడు కూడా. పిల్ల ఆయన్ని జాలిగా చూసింది. "కోస్తే మొత్తం ఊడిపోతుంది. అల్లికంటే ఏమిటనుకున్నారు? విప్పి మళ్ళీ అల్లాలి. ఇలా ఇవ్వండి, చెయ్యి చాపండి" అని, ఆయన బీటల అరచెయ్యికి దారంతో కొలత తీసుకుంది. తీస్తున్నంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నాడు.

వారం తర్వాత పిల్ల షెడ్డుకొచ్చింది. గ్లౌజు మధ్యలో అరచెయ్యంత కిటికీ. ఆయన తొడుక్కుని, వట్టి అరచెయ్యి పిడికి ఆనించి, ఒక మంచం కోడు మీద పొడి చల్లాడు. ఓనరు వచ్చి, కిటికీలోంచి అరచెయ్యి పిడికి తగులుతోందో లేదో వంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ మనిషికి అదే బిరుదిచ్చినంత.

ఆయన పొడి చల్లడం ఆపాడు. గన్ను మాత్రం వదల్లేదు. పిల్ల దగ్గరికి వచ్చి నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెవి ఇటు తిప్పింది.

"ఇప్పుడు ముట్టుకోండి."

ఆయన ఎడమచేతి గ్లౌజు తీసి, ఒక్క వేలితో, తడి రంగుని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు. చప్పుడు లేదు, రవ్వ లేదు.

"చూశావా, ఏం లేదు" అన్నాడు.

పిల్ల కళ్ళు తెరవలేదు.

"సరిగ్గా తెలీలేదు. ఇంకోసారి" అంది.